పాత బండి ‘మిస్’ కొడుతోందా? ముందు కరెంటు చూడండి!

జావా, యెజ్డీ బండ్లు తయారుచేసిన మైసూరు కర్మాగారం 1996లో మూతపడింది. అయినా ఆ బండ్ల మీద మమకారం చావలేదు. చిక్కల్లా ఇంజను మిస్ కొట్టినప్పుడే. చాలామంది నేరం కార్బొరేటరు మీద మోపి, బాగున్నదాన్ని విప్పి పాడుచేసుకుంటున్నారు. దొరకని సామానుకు ఊళ్లు తిరుగుతున్నారు.

ముందు పెట్రోలు కుళాయి కట్టండి. ప్లగ్గు విప్పి, టోపీ తగిలించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టండి. నీలిరంగు రవ్వ గట్టిగా కొడితే కరెంటు వస్తున్నట్లే. పసుపుగా, పలుచగా ఉంటే పాయింట్లు చూడాలి. అవి పూర్తిగా విడినప్పుడు ఎడం 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. పాయింట్ల మధ్యనే రవ్వలు ఎక్కువగా రాలుతుంటే కండెన్సరును అనుమానించాలి.

ఈ బండ్లలో కొన్నింటికి తాళం హెడ్‌లైటు మీద ఉంటుంది. అందుచేత కాయిలుకు పోయే వైరు హ్యాండిలు తిరిగినప్పుడల్లా మెడ దగ్గర నలుగుతుంది. పైతొడుగు బాగున్నా లోపలి రాగి పోగులు తెగుతాయి. బ్యాటరీ నుంచి కాయిలుకు విడిగా వైరు ఇచ్చి చూడండి. మిస్ ఆగితే దోషం తాళానిదో, పాత వైరుదో. ఆ వైరుండగా తాళం తీసినా ఇంజను ఆగదు. పరీక్ష కాగానే తీసేయాలి.

ఎర్తు వైరు బిగించిన చోట తుప్పు గీకడం మరవద్దు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?