ఇంజిన్ రెక్కకు ‘గట్లు’ లేని లోహం

అద్దంకి: బాపట్ల జిల్లా అద్దంకి సమీపంలో 16వ నంబరు జాతీయ రహదారిపై నిర్మించిన 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వేపై 2024 మార్చి 18న వాయుసేన విన్యాసాలు నిర్వహించింది. ఏఎన్-32, డోర్నియర్ విమానాలు దిగి మళ్లీ ఎగిరాయి. సుఖోయ్-30, హాక్ విమానాలు రన్‌వే మీదుగా దూసుకుపోయాయి. ఆ హోరు అందరికీ వినిపించింది కానీ, ఇంజిన్‌లో మంటకు ఎదురు నిలిచే లోహం సంగతి ఎరిగినవారు తక్కువ.

ఆధునిక జెట్ ఇంజిన్లలో టర్బైన్ రెక్కలను తాకే వాయువు వేడి, ఆ రెక్కలు కరిగే వేడిని మించి ఉంటుంది. రెక్క లోపలి సన్నని దారుల గుండా గాలి పంపి చల్లబరుస్తారు. అయినా మామూలు ఉక్కు అక్కడ నిలవదు. అందుకే నికెల్‌కు క్రోమియం, కోబాల్ట్, అల్యూమినియం వంటివి కలిపిన మిశ్రమలోహాన్ని వాడతారు.

పాళ్లు కుదిరినంత మాత్రాన సరిపోదు. కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు అసంఖ్యాక రేణువులుగా ఏర్పడుతుంది. ఒక్కో రేణువును పొలంగా, రెండింటి నడుమ సరిహద్దును గట్టుగా ఊహించుకోవచ్చు. పొలాలు చిన్నవైతే గట్లు ఎక్కువ. లోహం వంగాలన్నా, బీట సాగాలన్నా అడుగడుగునా అడ్డే. అయితే అతివేడిలో ఆ గట్లే జారి, లోహం కొద్దికొద్దిగా సాగిపోతుంది.

రెక్కలను బిగించే చక్రానికి వేడి కొంత తక్కువ, లాగుడు మాత్రం విపరీతం. అది పగిలితే ముక్కలను ఇంజిన్ తొడుగు ఆపలేదు. కనుక చక్రానికి సన్నని రేణువులే కావాలి. ముతక రేణువుల దిమ్మెను కాల్చి ప్రెస్‌తో నొక్కితే, పాత రేణువుల స్థానంలో కొత్తవి, చిన్నవి పుడతాయి. వేడి మించితే అవి మళ్లీ పెరుగుతాయి. తగ్గితే దిమ్మె పగులుతుంది.

చల్లార్చే తీరూ ముఖ్యమే. లోహం చల్లారేటప్పుడు నికెల్, అల్యూమినియం కలిసి అతిసూక్ష్మ కణాలుగా విడివడి బలాన్నిస్తాయి. నిదానంగా చల్లారితే కణాలు పెద్దవై పట్టు తగ్గుతుంది. మరీ వేగమైతే లోపల ఒత్తిళ్లు మిగిలి చక్రం చీలవచ్చు. కమ్మరి ఎర్రగా కాలిన కొడవలిని నీటిలో ముంచితే గట్టిపడటం ఉక్కు గుణం. నికెల్‌ది వేరే దారి.

ఇక రెక్కలో గట్లనే లేకుండా చేస్తారు. కరిగిన లోహం నిండిన మూసను కొలిమి నుంచి మెల్లగా కిందికి దించుతారు. అడుగున చల్లని పలకపై మొలిచిన రేణువులు నిలువుగా ఎదుగుతాయి. మెలికల సన్నదారిలో మిగతావన్నీ ఆగిపోయి ఒక్కటే పైకి వస్తుంది. రెక్కంతా ఆ ఒక్క రేణువే. తొందరపడకుండా పాకాన్ని వదిలేస్తేనే కలకండ పలుకులు పెద్దవిగా కట్టినట్లు, ఇక్కడా ఓపికే ప్రధానం.

హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ ఇలాంటి ఏకస్ఫటిక రెక్కలను రూపొందించి, హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 రెక్కలను హెచ్‌ఏఎల్‌కు అందజేసినట్లు 2021 ఏప్రిల్‌లో ప్రకటించారు. మొత్తం 300 తయారీ లక్ష్యం. హాక్‌కు శక్తినిచ్చే అడోర్ ఇంజిన్ కంప్రెసర్ చక్రాలను సైతం ఆ సంస్థ 2,000 టన్నుల ప్రెస్‌పై తయారుచేసింది. అవి టైటానియంవి. అచ్చునూ దిమ్మెతో దాదాపు సమానంగా వేడిచేసి నిదానంగా నొక్కడం అందులో కిటుకు. నికెల్ మిశ్రమలోహాల దిమ్మెలను కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పాటైన మిధాని తయారు చేస్తోంది.

తయారైన ప్రతి రెక్కనూ పరీక్షిస్తారు. దారి తప్పి పక్కన మరో రేణువు మొలిచిందని తేలితే ఆ రెక్క ఇంజిన్‌కు ఎక్కదు.