ఖాళీ బల్లలు – కనిపించే ముఖాలు

ఒక చర్చి పరిధిలోని ఊళ్ళను, పేటలను కలిపి మన తెలుగు కథోలికులు ‘విచారణ’ అంటారు. అక్కడి ఫాదరుగారు ‘విచారణ గురువు’. ఎంత చక్కని మాట! ఎవరింట్లో జ్వరం, ఎవరింట్లో పెళ్ళి, ఎవరు మంచాన పడ్డారు అని కనుక్కోవడమే కదా విచారించడమంటే! మరి మనిషి మనిషి దగ్గరకు పోకూడదన్న మహమ్మారి రోజుల్లో ఈ విచారణ ఎలా సాగింది?

ఇటలీలోని లొంబార్దీ ప్రాంతం 2020లో కరోనా బారిన ముందుగా పడింది. ఫిబ్రవరి నెలాఖరుకే అక్కడి చర్చిలలో జనంతో చేసే పూజలు ఆగిపోయాయి. మిలాను నగరానికి ఉత్తరాన రొబ్బియానో అనే ఊరుంది. అక్కడి విచారణ గురువు జుసెప్పె కొర్బారి తమ ఫొటోలు పంపమని ఊరివారిని కోరారు. వచ్చినవాటిని కాగితాల మీద అచ్చువేయించి, ఖాళీ బల్లలకు వరుసగా అంటించి, ఆ ముఖాల ఎదుట మార్చి నెలలో పూజ చేశారు.

ఆ ప్రాంతానికి ఇటువంటి అనుభవం కొత్త కాదు. 1576లో మిలానులో ప్లేగు వచ్చినప్పుడు జనాన్ని ఇళ్ళలోనే ఉంచారు. అప్పటి అగ్రపీఠాధిపతి ఛార్లెస్ బొరోమియో వీధి కూడళ్ళలో బలిపీఠాలు కట్టించారు. జనం కిటికీల్లోంచే పూజ చూశారు, గంట మోగితే గుమ్మాల్లో నిలబడి ప్రార్థించారు. తన భవనంలోని తెరలను సైతం బీదల బట్టలకు ఇచ్చేశారాయన. జనం గుడికి రాలేనప్పుడు గుడే జనం దగ్గరకు పోయిందన్నమాట!

కాని అన్నీ కిటికీలోంచి జరిగేవి కావు. పూజను టీవీలో చూడవచ్చు. పాపసంకీర్తనం మాత్రం ఫోనులో చెల్లదు. అవస్థలో ఉన్నవారికి నూనె పూయాలంటే గురువు దగ్గరకు వెళ్ళాల్సిందే. వెళితే రోగం మరో ఇంటికి మోసుకుపోతామేమోనని భయం. వెళ్ళకపోతే ఆ మనిషి దిక్కులేని చావు చస్తాడు. బెర్గమో పీఠంలో ఆ వసంతంలో 20 మందికి పైగా గురువులు కన్నుమూశారు. మార్చి 18 రాత్రి ఆ ఊరి శ్మశానం నుంచి శవపేటికలు సైనిక లారీల్లో తరలిపోయాయి. వెంట నడవడానికి అయినవారు లేరు.

మార్చి 20న రోము నుంచి ఒక ఆదేశం వచ్చింది. అవసరమైన చోట గురువు ఆస్పత్రి వార్డు గుమ్మంలో నిలబడి, వీలైతే మైకులో, రోగులందరికీ ఒక్కసారే పాపవిమోచనం చెప్పవచ్చు. గురువే దొరకనివారు నిజమైన పశ్చాత్తాపంతో దేవుణ్ణి క్షమాపణ వేడుకుని, వీలైనంత త్వరలో గురువు దగ్గర పాపసంకీర్తనం చేస్తామని నిశ్చయించుకుంటే చాలు. నియమం మారలేదు, నియమంలోనే ఉన్న దయను వెదికి తీశారు. ఇటలీలో జనంతో పూజలు మళ్ళీ మొదలైంది మే 18న.

నేను కథోలికుణ్ణి కాను. అయినా ఆ ఫొటోల సంగతి చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. కారణముంది. లాక్‌డౌనులోనూ మా బ్యాంకు తెరిచే ఉంది. ప్రతి నెలా మొదటి వారంలో వచ్చి, నా బల్ల ముందు కూర్చుని, వాళ్ళ ఊరి కబుర్లు రెండు చెప్పి వెళ్ళే పింఛనుదారు ఒకాయన రావడం మానేశారు. నేను గమనించనేలేదు. కొన్ని నెలల తరువాత వాళ్ళబ్బాయి మరణ ధ్రువపత్రం పట్టుకొచ్చాడు. సంతకాల కార్డు తీస్తే అందులో ఆయన ఫొటో! “నాన్న మిమ్మల్ని తలుచుకునేవారండీ” అన్నాడు. ఫోను నంబరు ఆ కార్డు మీదే ఉంది. ఒక్కసారి చేసి ఉంటే?

ముఖాలు మా దగ్గరా ఉన్నాయి, బీరువాలో. రొబ్బియానో గురువు వాటిని బల్లల మీద పెట్టుకున్నారు. తేడా అంతే!

మీ వీధిలోనూ ఈమధ్య కనిపించని ముఖం ఒకటి ఉండే ఉంటుంది. మహమ్మారి వచ్చేదాకా ఆగకుండా, ఒక్కసారి విచారించండి.