చిన్న దేశాల జెట్ లైనప్‌లో ఆ గ్యాప్ ఎందుకు? వార్ థండర్‌లో దేశం ఎంచుకునే ముందు ఇది చదవండి

వార్ థండర్‌లో నెలల తరబడి గ్రైండ్ చేస్తే గానీ మొదటి జెట్ అన్‌లాక్ కాదు. అమెరికానో, బ్రిటన్‌నో ఎంచుకున్నవాళ్లకి ఆ తర్వాత దారి సాఫీగానే ఉంటుంది. ఒక జెట్ తర్వాత ఇంకో జెట్, కొంచెం కొంచెంగా స్పీడ్ పెరుగుతూ పోతుంది. జపాన్‌నో, ఇటలీనో తీసుకున్నవాళ్లు మాత్రం సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటారు. మొదటి జెట్‌కీ, నిజంగా పోరాడగలిగే తర్వాతి జెట్‌కీ మధ్య పెద్ద గ్యాప్.

దీనికి ప్లేయర్లు చెప్పే కారణం దాదాపు ఒకటే: గేమ్ తయారుచేసిన గైజిన్‌కి చిన్న దేశాలంటే చిన్నచూపు. అందులో ఎంతో కొంత నిజం ఉంటే ఉండొచ్చు. కానీ ఈ ఖాళీని చాలావరకు డెవలపర్లు పుట్టించలేదు. 1945 తర్వాత చరిత్రే ఆ ఖాళీ వదిలింది. డెవలపర్ల చేతిలో ఉన్నది ఒక్కటే, దాన్ని దేనితో నింపాలన్నది. మన టైమ్, కొన్నిసార్లు మన డబ్బు కూడా ఆ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటాయి.

గ్యాప్ ఉంటే నష్టం ఏంటి?

గేమ్‌లో ప్రతి విమానానికీ ఒక బ్యాటిల్ రేటింగ్ ఉంటుంది. షార్ట్‌గా బీఆర్ అంటాం. మన బీఆర్ కంటే 1.0 ఎక్కువ ఉన్నవాళ్లు కూడా మన మ్యాచ్‌లోకి రావచ్చు. గ్రౌండ్ రియలిస్టిక్ మోడ్‌లో లైనప్‌లో ఎక్కువ బీఆర్ ఉన్న వాహనాన్ని బట్టి మ్యాచ్ పడుతుంది. కాబట్టి లైనప్‌లో ఒక్క మంచి జెట్ పెట్టి, మిగతావన్నీ పాతవి పెడితే ఆ పాతవాటితో తమకంటే చాలా బలమైనవాళ్ల మధ్యలో దిగాలి.

ప్రొపెల్లర్ విమానాల్లో ఈ తేడాని స్కిల్‌తో కొంత కవర్ చేయొచ్చు. తొలితరం జెట్‌లలో అది కష్టం. అప్పటి టర్బోజెట్ ఇంజిన్ల థ్రస్ట్ తక్కువ, థ్రాటిల్ పెంచినా రెస్పాన్స్ నిదానం. ఒక గట్టి టర్న్ తీసుకుని స్పీడ్ పోగొట్టుకుంటే మళ్లీ పుంజుకోవడానికి చాలా టైమ్ పడుతుంది. ఈలోపు వేగంగా ఉన్నవాడు వచ్చి కొట్టి వెళ్లిపోతాడు. ఇక్కడ 300-400 కిలోమీటర్ల స్పీడ్ తేడా అంటే ఫైట్‌లో ఎప్పుడు దిగాలో, ఎప్పుడు తప్పుకోవాలో రెండూ ఎదుటివాడే డిసైడ్ చేస్తాడు.

జపాన్: ఏడేళ్ల నిషేధం

జపాన్ మొదటి జెట్ నకజిమా కిక్కా. 1945 ఆగస్టు 7న, అంటే హిరోషిమా మీద బాంబు పడిన మర్నాడు, అది మొదటిసారి ఎగిరింది. ఆ తర్వాతి ప్రయత్నంలో టేకాఫ్ దగ్గరే దెబ్బతింది. ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది. కిక్కా కథ అంతటితో ముగిసింది. దాని రెండు ఎన్ఈ-20 ఇంజిన్లు ఒక్కోటి 475 కిలోల థ్రస్ట్ మాత్రమే ఇచ్చేవి. డిజైన్ టాప్ స్పీడ్ గంటకు 700 కిలోమీటర్లకు కొంచెం తక్కువ. అప్పటి అమెరికన్ ప్రొపెల్లర్ ఫైటర్ పీ-51డీ మస్టాంగ్ స్పీడ్ కూడా దాదాపు అంతే.

యుద్ధం అయ్యాక జపాన్‌లో విమానాల తయారీనే నిషేధించారు. 1952 దాకా ఆ నిషేధం ఉంది. 1954లో ఎయిర్ సెల్ఫ్ డిఫెన్స్ ఫోర్స్ ఏర్పడింది. ఆ తర్వాత మిత్సుబిషి లైసెన్స్ మీద 300 ఎఫ్-86ఎఫ్ సేబర్‌లు తయారుచేసింది. రెక్కలు వెనక్కి వంగిన సేబర్ గంటకు సుమారు 1,100 కిలోమీటర్ల స్పీడ్ అందుకోగలదు. అంటే కిక్కా నుంచి ఒకేసారి సేబర్‌కి జంప్. మధ్యలో చరిత్రలోనే ఏమీ లేదు.

గేమ్‌లో చాలా ఏళ్లు ఈ మధ్య భాగాన్ని ఆర్2వై2 అనే పేరున్న మూడు వెర్షన్లు నింపాయి. 1945లో నిజంగా ఎగిరింది ఆర్2వై1. అది ప్రొపెల్లర్‌తో నడిచే నిఘా విమానం. దాని జెట్ వెర్షన్ కాగితం మీదే ఆగిపోయింది. ఎగరని విమానానికి ఫ్లైట్ మోడల్ రాయాలంటే అంచనాలే గతి. డేటాబేస్‌లో నల్ ఉండాల్సిన చోట డమ్మీ వాల్యూ పెడితే రిపోర్ట్ నిండుగా కనిపిస్తుంది, కానీ చదివేవాడికి తప్పు సమాచారం వెళ్తుంది. ఇదీ అలాంటిదే. అసలు ఆ నల్‌లోనే జపాన్ ఓటమి, నిషేధం అన్నీ ఉన్నాయి.

ఇటలీ: ప్రోటోటైప్‌ల వరుస

1947 పారిస్ శాంతి ఒప్పందం ఇటలీకి ఫైటర్, నిఘా విమానాలు కలిపి 200కి మించకూడదని, బాంబర్లు అసలే ఉండకూడదని లిమిట్ పెట్టింది. దాంతో తొలితరం ఇటాలియన్ జెట్‌లలో ఎక్కువగా కనిపించేవి బయటి డిజైన్లు, లేదంటే ప్రోటోటైప్‌లు. గేమ్‌లో దొరికే వాంపైర్ బ్రిటిష్ డిజైన్. సాజిటారియో 2 మాత్రం పక్కా ఇటాలియన్. 1956లో ఎగిరింది, అదే ఏడాది డిసెంబర్‌లో డైవ్‌లో సౌండ్ బ్యారియర్ కూడా దాటింది. కానీ ప్రొడక్షన్‌కి వెళ్లలేదు. నాటో లైట్ ఫైటర్ పోటీలో ఫియట్ జీ.91 గెలిచింది.

నా లెక్కలో సాజిటారియో 2 లాంటివి ఆర్2వై2 కేటగిరీలోకి రావు. ఒక్కటైనా సరే, నిజంగా తయారై గాల్లోకి లేచింది. గేమ్‌లో దానికి చోటు ఇవ్వడం న్యాయమే.

మరి స్వీడన్‌కి ఎందుకు ఇబ్బంది లేదు?

స్వీడన్ కూడా చిన్న దేశమే. కానీ యుద్ధంలో తటస్థంగా ఉంది, ఫ్యాక్టరీలు పోలేదు, నిషేధాలూ లేవు. సాబ్ కంపెనీ తన ప్రొపెల్లర్ ఫైటర్ సాబ్ 21కే జెట్ ఇంజిన్ బిగించి 1947లో జే 21ఆర్ ఎగరేసింది. పక్కనే బ్రిటన్ నుంచి వాంపైర్‌లు కొన్నది. 1948లోనే వంగిన రెక్కలతో జే 29 టున్నాన్ వచ్చేసింది. మొత్తం 661 తయారయ్యాయి. గేమ్‌లో స్వీడన్ తొలి జెట్‌ల దారి మెట్లుమెట్లుగా ఉండడానికి కారణం ఇదే. దేశం సైజు కంటే 1945లో ఆ దేశం ఏ పక్షాన ఉందన్నదే లైనప్‌ని నిర్ణయించింది.

కాపీ-పేస్ట్ అంటే తప్పా?

గ్యాప్ నింపడానికి గేమ్ వాడే ఇంకో పద్ధతి సబ్-ట్రీ. ఇటలీకి హంగేరీని, స్వీడన్‌కి ఫిన్లాండ్‌ని, జపాన్‌కి థాయ్‌లాండ్‌ని కలిపారు. ఇలా వచ్చేవాటిలో చాలావరకు వేరే దేశం డిజైన్లే కాబట్టి ప్లేయర్లు కాపీ-పేస్ట్ అని విసుక్కుంటారు.

ఇక్కడ మన దేశం సంగతే చూడండి. ఇండియాకి వార్ థండర్‌లో సొంత టెక్ ట్రీ లేదు. భారత వాహనాలు కొన్ని బ్రిటిష్ ట్రీలో కనిపిస్తాయి. కానీ చరిత్రలో మన తొలి జెట్‌ల వరుస చూస్తే గ్యాప్ దాదాపు లేదు. 1948లో వాంపైర్, 1953లో ఫ్రెంచ్ ఊరగాన్, మన వాయుసేన పెట్టుకున్న పేరు తూఫానీ. 1957లో మిస్టేర్, హంటర్, 1958లో నాట్. 1961లో హెచ్‌ఏఎల్ వారి సొంత హెచ్ఎఫ్-24 మారుత్ ఎగిరింది. దాన్ని డిజైన్ చేసిన కుర్ట్ టాంక్ జర్మనీలో ఎఫ్‌డబ్ల్యూ 190, అర్జెంటీనాలో పుల్కీ 2 చేసి మన దగ్గరికి వచ్చినవాడు. అనుకున్న ఇంజిన్ దొరక్క మారుత్ ఆశించిన స్పీడ్ అందుకోలేదు. అయినా 147 తయారయ్యాయి, 1971 యుద్ధంలో పోరాడాయి.

ఈ లిస్ట్‌లో మారుత్ తప్ప అన్నీ బయటి డిజైన్లే. అలాగని నాట్‌ని కాపీ-పేస్ట్ అనగలమా? 1965 యుద్ధంలో సేబర్‌లని ఎదిరించి 'సేబర్ స్లేయర్' అనిపించుకున్నది మన వాయుసేన రంగుల్లోనే కదా! కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశానికైనా, యుద్ధంలో ఓడిన దేశానికైనా ఆ రోజుల్లో కొనుక్కోవడమే దారి. కొన్న విమానం కూడా ఆ దేశ చరిత్రే. అందుకే ఎప్పుడూ ఎగరని ఆర్2వై2 కంటే జపాన్ గుర్తులున్న సేబర్‌కే నా ఓటు.

మీరు ఏం చేయాలి?

* దేశం ఎంచుకునే ముందు టెక్ ట్రీ మొత్తం ఓపెన్ చేసి, మొదటి జెట్ నుంచి మొదటి వంగిన రెక్కల జెట్ దాకా ఎన్ని మెట్లున్నాయో చూడండి. బీఆర్ అంకెలు మారుతుంటాయి కాబట్టి పాత వీడియోలని నమ్మకండి.
* ఇది మీ మొదటి దేశమైతే అమెరికా, బ్రిటన్, లేదా స్వీడన్ బెటర్. జపాన్, ఇటలీ రెండో దేశంగా తీసుకుంటే అలవాటైన చేతితో ఆ గ్యాప్ దాటొచ్చు.
* గ్యాప్‌ని దాటేద్దామని వెంటనే ప్రీమియం జెట్ కొనకండి. ర్యాంక్ తేడా ఎక్కువైతే కింది విమానాల రీసెర్చ్ నిదానిస్తుంది. ముందు కొన్ని మ్యాచ్‌లు ఓపిక పట్టి చూడండి.
* కిక్కా లాంటి జెట్‌లతో టర్న్ ఫైట్‌కి దిగొద్దు. ఎత్తు సంపాదించి, ఒక్క పాస్ చేసి, స్పీడ్ పోకుండా బయటపడండి.

ఓపిక తక్కువైతే స్వీడన్ తీసుకోండి. సేబర్ దాకా కష్టపడటానికి సిద్ధమైతే జపాన్ కూడా బాగానే ఉంటుంది.