సూది మొన ఎక్కడ నిలవాలి?
ఆక్యుపంక్చర్ బిందువుల ఎంపిక, సూచీ ప్రయోగం – కొన్ని తెలుసుకోదగిన విషయాలు

"తల నొస్తూంటే పాదానికి సూది గుచ్చుతారేమిటి?" ఆక్యుపంక్చర్ చికిత్సకు తొలిసారి వెళ్ళినవారికి సహజంగా కలిగే సందేహమిది. మందు కడుపులోనికి వెళ్ళి, రక్తంలో కలిసి, శరీరమంతటా ప్రసరిస్తుందని మనకు తెలుసు. వెంట్రుకను పోలిన సన్నని సూది, మందు చుక్కయినా లేకుండా, నొప్పి ఉన్న చోటికి ఎంతో దూరాన నిలిచి ఏమి చేయగలదు?

మూడు షిఫ్టుల్లో పనిచేసే కార్మికులకు నిద్రలేమి, గంటల తరబడి కుర్చీలో కూర్చునే ఉద్యోగులకు మెడనొప్పి, నడుంనొప్పి, ఇంటిపనితో రోజంతా నిలువుకాళ్ళపై ఉండేవారికి మోకాళ్ళ నొప్పి సర్వసాధారణమయ్యాయి. నొప్పి మాత్రలను అదే పనిగా వాడితే జీర్ణకోశానికి, మూత్రపిండాలకు హాని కలుగుతుందన్న భయంతో పలువురు సూది వైద్యం వైపు చూస్తున్నారు. ఈ వైద్యంలో బిందువులను ఎట్లా ఎంచుకుంటారు, సూదిని ఎట్లా ప్రయోగిస్తారు, ఎక్కడ దానిపై ఆధారపడవచ్చు, ఎక్కడ ఆధారపడరాదు అన్న విషయాలను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చైనా నుంచి కలకత్తాకు

ఆక్యుపంక్చర్ చైనా దేశపు ప్రాచీన వైద్యం. దాని మూలగ్రంథమైన 'హువాంగ్‌ది నైజింగ్' సుమారు రెండు వేల సంవత్సరాల నాటిది. 1968లో హెబెయ్ ప్రాంతంలోని మాన్‌చెంగ్ వద్ద హాన్ వంశపు రాకుమారుడు ల్యూషెంగ్ సమాధిని త్రవ్వినప్పుడు అందులో బంగారు సూదులు, వెండి సూదులు లభించాయి. ఆయన క్రీ.పూ. 113లో మరణించాడు.

మన దేశానికి ఈ విద్య ఒక స్నేహబంధం ద్వారా వచ్చింది. జపాను దాడికి గురైన చైనాకు సహాయంగా 1938లో భారత జాతీయ కాంగ్రెస్ అయిదుగురు వైద్యులను పంపింది. వారిలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశారు. సహచరుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950వ దశకం చివరలో మళ్ళీ చైనా వెళ్ళి, ఆక్యుపంక్చర్ నేర్చుకొని వచ్చి కలకత్తాలో చికిత్స ప్రారంభించారు. ఈ విధానానికి పశ్చిమ బెంగాల్ 1996లోనే ప్రత్యేక చట్టం చేసింది. 2019 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ దీనిని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది.

కొలమానం మన వేళ్ళే

చైనీయుల సిద్ధాంతం ప్రకారం 'చి' అనే ప్రాణశక్తి మెరిడియన్లనే పద్నాలుగు మార్గాల్లో ప్రవహిస్తుంది. ఆ మార్గాలపై 361 బిందువులు ఉన్నాయి. ఈ బిందువుల స్థానాలను వివరిస్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒక ప్రామాణిక గ్రంథాన్ని వెలువరించింది. వీటిని సుశ్రుతుడు చెప్పిన 107 మర్మస్థానాలతో పోల్చడం పరిపాటి అయింది గాని, రెండింటి ప్రయోజనమూ ఒకటి కాదు. మర్మాలు గాయం తగలకుండా కాపాడుకోవలసిన స్థానాలు. ఆక్యుపంక్చర్ బిందువులు కోరి సూదిని నిలిపే స్థానాలు.

బిందువును కొలవడానికి వాడే ప్రమాణాన్ని 'చున్' అంటారు. ఇది టేపుతో కొలిచే అంగుళం కాదు. రోగి బొటనవేలి కణుపు వెడల్పు ఒక చున్. చూపుడువేలి నుంచి చిటికెన వేలి వరకు నాలుగు వేళ్ళ వెడల్పు, అంటే మన పెద్దలు చెప్పే బెత్తెడు, మూడు చున్‌లు. మోచేతి ముడత నుంచి మణికట్టు ముడత వరకు పన్నెండు చున్‌లు. పసివానికైనా ఆజానుబాహువుకైనా వారి వేళ్ళే వారికి కొలత. ఆయుర్వేదంలోని స్వాంగుళ ప్రమాణం ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

ఎంపికలో మూడు సూత్రాలు

మొదటిది, నొప్పి ఉన్న చోటనే గాని, దాని సమీపంలో గాని బిందువును ఎంచుకోవడం. నొక్కినప్పుడు "అబ్బా, అక్కడే" అని రోగి చెప్పే చోటు కూడా చికిత్సకు పనికివస్తుంది. ఏడవ శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావో ఇట్టి స్థానాల గురించి వ్రాశాడు. వీటిని 'ఆషి' బిందువులంటారు.

రెండవది, నొప్పి ఉన్న భాగం మీదుగా సాగే మెరిడియన్‌పైనే, దూరాన చేతిలోనో కాలిలోనో ఉన్న బిందువును ఎంచుకోవడం. చైనా విద్యార్థులు మొదట వల్లె వేసేవి నాలుగు: పొట్ట బాధలకు మోకాలి కింద 'జుసాన్‌లీ', నడుం బాధలకు మోకాలి వెనుక మడతలో 'వేయ్‌జోంగ్', తల, మెడ బాధలకు మణికట్టుకు కొంచెం పైన బొటనవేలి వైపు 'లియెచ్యుయె', ముఖం, నోటి బాధలకు చేతిపై బొటనవేలికి, చూపుడువేలికి నడుమ 'హెగు'.

దూరపు బిందువులను లోకానికి పరిచయం చేసిన సంఘటన 1971 జులైలో జరిగింది. న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు పెకింగ్‌లో అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగింది. ఆ తర్వాత పొట్ట ఉబ్బరంతో బాధపడుతుండగా, కుడి మోచేతి వద్ద, మోకాళ్ళ కింద మూడు సూదులు గుచ్చారు. ఒక మూలిక చుట్టను వెలిగించి పొట్టకు చేరువగా వెచ్చదనం చూపారు. గంటలోపే ఉపశమనం కలిగిందని ఆయన తన పత్రికలో వ్రాశాడు. ఆ చుట్టలోని మూలిక మరేదో కాదు, వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి జాతికి చెందినదే.

మూడవది, అనుబంధ లక్షణాలను బట్టి ఒకటి రెండు బిందువులను చేర్చడం. నడుంనొప్పితో నిద్ర కూడా పట్టనివారికి నిద్రకు సంబంధించిన బిందువును జోడిస్తారు.

సామాన్య బాధలు – వాడుకలోని బిందువులు

తలనొప్పి: నొప్పి తలలో ఏ భాగాన ఉన్నదన్నదే మొదటి ప్రశ్న. నుదుట ఉంటే హెగుతోపాటు, బొట్టు పెట్టుకునే చోట ఉండే 'యిన్‌తాంగ్'. కణతల్లో ఉంటే కణత మీది 'తాయ్‌యాంగ్', పుర్రె అడుగున మెడకు ఇరువైపులా ఉండే గుంటల్లోని 'ఫెంగ్‌చి'. మాడులో ఉంటే నడినెత్తిన 'బాయ్‌హుయ్', పాదంపై బొటనవేలి ఎముకకు, రెండవవేలి ఎముకకు నడుమ గల 'తాయ్‌చోంగ్'. చైనీయుల లెక్కలో కాలేయ మెరిడియన్ పాదం నుంచి బయలుదేరి నడినెత్తికి చేరుతుంది. పై ప్రశ్నకు సంప్రదాయం ఇచ్చే సమాధానం ఇదే.

నడుంనొప్పి: రెండవ, నాలుగవ కటి వెన్నుపూసల స్థాయిలో వెన్నుకు ఇరువైపులా ఒకటిన్నర చున్ దూరాన ఉండే బిందువులు, వేయ్‌జోంగ్, వెలుపలి చీలమండకు వెనుక ఉండే 'కున్‌లున్', వీటికి తోడు ఆషి బిందువులు. వేయ్‌జోంగ్ వద్ద లోతున పెద్ద రక్తనాళం ఉన్నందున అక్కడ మిక్కిలి జాగ్రత్త అవసరం.

మోకాళ్ళ నొప్పి: మోకాటి చిప్ప కింద ఇరుపక్కల కనిపించే గుంటలను చైనీయులు 'మోకాటి కళ్ళు' అంటారు. అక్కడి బిందువులకు తోడు జుసాన్‌లీని వాడతారు. చిప్ప కింది వెలుపలి గుంట నుంచి బెత్తెడు దిగి, కాలి ముందరి ఎముక అంచు నుంచి ఒక వేలి వెడల్పు బయటికి జరిగితే జుసాన్‌లీ దొరుకుతుంది.

వికారం, వాంతులు: మణికట్టు లోపలి ముడతకు రెండు చున్‌ల పైన, పిడికిలి బిగిస్తే తేలే రెండు తంత్రుల నడుమ ఉన్నది 'నైగ్వాన్'. శాస్త్రీయ ఆధారం బలంగా ఉన్న బిందువులలో ఇది ముఖ్యమైనది. శస్త్రచికిత్స తర్వాత వచ్చే వాంతులపై జరిగిన 59 అధ్యయనాలను 2015లో కోక్రేన్ సంస్థ సమీక్షించి, ఈ బిందువును ప్రేరేపిస్తే వికారం, వాంతులు తగ్గుతున్నాయని తెలిపింది. బస్సు ప్రయాణంలో వికారం కలిగేవారు సూది లేకుండానే, ఇక్కడ బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కి చూడవచ్చు.

నిద్రలేమి: మణికట్టు ముడతపై చిటికెన వేలి వైపున 'షెన్‌మెన్', లోపలి చీలమండకు బెత్తెడు పైన 'సాన్‌యిన్‌జియావో'. అయితే రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి, వెలుతురు నిండిన గదిలో టీవీ మోతల మధ్య పడుకునేవారికి ఏ బిందువూ నిద్రను తెచ్చిపెట్టలేదు. చీకటి, నిశ్శబ్దం సమకూర్చడం ఇంటిల్లిపాది బాధ్యత.

సూచీ ప్రయోగం

ఇంజెక్షన్ సూది బోలుగా ఉంటుంది; ఆక్యుపంక్చర్ సూది నిండుగా ఉండే సన్నని ఉక్కు తీగ. సాధారణంగా వాడే సూది మందం 0.25 నుంచి 0.30 మిల్లీమీటర్లు. రోగిని పడుకోబెట్టి, చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి సూదిని దింపుతారు. కండ దళసరిగా ఉన్న చోట నిలువుగా, పలుచగా ఉన్న చోట ఏటవాలుగా, తలపైన చర్మానికి దాదాపు సమాంతరంగా గుచ్చుతారు. జుసాన్‌లీలో ఒకటి, ఒకటిన్నర చున్‌ల లోతు సామాన్యం. షెన్‌మెన్‌లో అర చున్ దాటరాదు.

సూది దిగిన తరువాత దానిని మెల్లగా త్రిప్పుతూ, కొద్దిగా ఎత్తుతూ దించుతూ ఉంటే ఆ చోట బరువు, తిమ్మిరి, లాగినట్లుండే భావన కలుగుతుంది. దీనిని 'ద-చి' అంటారు. బిందువు దొరికిందనడానికి వైద్యుడు చూసే గుర్తు ఇదే. మంటగా, కరెంటు షాక్ వలె చురుక్కుమంటే సూది నరానికి తగిలినట్లు. వెంటనే వెనుకకు తీయాలి. బలహీనులకు, వృద్ధులకు సుతిమెత్తని ప్రేరణ, దృఢకాయులకు తీవ్ర నొప్పిలో గట్టి ప్రేరణ ఇస్తారు. ఆయుర్వేదంలోని బృంహణ, లంఘనాల వంటి విచక్షణ ఇది. సూదులను సాధారణంగా 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు.

శాస్త్రం ఏమంటున్నది?

సూది ప్రేరణకు శరీరంలో ఎండార్ఫిన్లనే సహజ నొప్పి నివారకాలు విడుదలవుతాయని 1970వ దశకపు పరిశోధనలు సూచించాయి. అయితే బిందువు కచ్చితత్వానికి ఎంత ప్రాముఖ్యం ఉన్నది? 2007లో ప్రచురితమైన జర్మనీ అధ్యయనంలో 1,162 మంది దీర్ఘకాలిక నడుంనొప్పి రోగులను మూడు వర్గాలుగా విభజించారు. ఆరు నెలల తరువాత, నిర్దిష్ట బిందువుల్లో సూదులు గుచ్చిన వర్గంలో 47.6 శాతం మందికి, బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చిన వర్గంలో 44.2 శాతం మందికి, మందులు, వ్యాయామం వంటి సాధారణ చికిత్స పొందిన వర్గంలో 27.4 శాతం మందికి గుణం కనిపించింది. అంటే సూది వైద్యం వల్ల మేలు కలిగింది గాని, ఆ మేలులో బిందువు వాటా స్వల్పమే.

మరోవైపు 2021లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధనలో, చుంచెలుకల కాలిలో జుసాన్‌లీ స్థానాన స్వల్ప విద్యుత్ ప్రేరణ ఇస్తే వాపును తగ్గించే నాడీమార్గం మేల్కొన్నది. పొట్టపై బిందువు వద్ద అదే ప్రేరణ అట్టి ఫలితమివ్వలేదు. నిపుణులలోనూ ఏకాభిప్రాయం లేదు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2012లో పార్శ్వపు తలనొప్పి నివారణకు, మందులు సరిపడనివారికి, ఐదు నుంచి ఎనిమిది వారాల్లో పది వరకు సిట్టింగులు సూచించింది; 2016లో నడుంనొప్పికి మాత్రం వద్దన్నది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ నడుంనొప్పికి దీనిని సిఫారసు చేసింది.

సూది కన్నా ముందు రోగ నిర్ణయం

శిక్షణ పొందినవారి చేతిలో ఈ చికిత్స చాలావరకు నిరపాయమైనది. 2001లో బ్రిటన్‌లో 34,407 సిట్టింగులను పరిశీలిస్తే తీవ్రమైన హాని ఒక్కటీ నమోదు కాలేదు. తరచు ఎదురయ్యే పెద్ద ప్రమాదం సూదిలో లేదు, ఆలస్యంలో ఉన్నది. నొప్పి తగ్గినంత మాత్రాన వ్యాధి తగ్గినట్లు కాదు. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో ప్రాకే నొప్పి. పిడుగు పడినట్లు ఒక్కసారిగా వచ్చే తలనొప్పి. మాట తడబడటం, చేయి లేదా కాలు పట్టు తప్పడం. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం. నడుంనొప్పితోపాటు మలమూత్రాలపై అదుపు తప్పడం. ఇవి ఏ బిందువుకూ అప్పగించదగినవి కావు. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరాలి.

గర్భిణులకు హెగు, సాన్‌యిన్‌జియావో, పొత్తికడుపు బిందువులను సంప్రదాయం నిషేధించింది. రక్తం పలుచబడే మందులు వాడేవారు, మధుమేహం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవారికి విద్యుత్ ప్రేరణ పనికిరాదు. భుజం పైభాగాన, ఛాతీ, వీపుల మీద సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి రంధ్రం పడవచ్చు. ఖాళీ కడుపుతో వెళితే కళ్ళు తిరుగుతాయి. బి.పి., షుగరు మాత్రలను ఎవరో ఆపమన్నారని ఆపరాదు.

చికిత్సకు వెళ్ళేవారు మూడు ప్రశ్నలు తప్పక అడగాలి. వైద్యుని శిక్షణ, అర్హత ఏమిటి? సూదులు కొత్తవేనా, ప్యాకెట్టు మన కళ్ళెదుట విప్పుతారా? ఎన్ని సిట్టింగులలో ఫలితం కనిపించాలి, కనిపించకపోతే ఏమి చేస్తారు? వాడిన సూదిని మరొకరికి వాడితే హెపటైటిస్-బి వంటి వ్యాధులు సోకుతాయి గనుక రెండవ ప్రశ్న విషయంలో మొహమాటం పనికిరాదు. ఈ మూడింటికీ సూటిగా సమాధానం చెప్పగలిగిన వైద్యుడే, ఏ బిందువును ఎంచుకోవాలో కూడా తెలిసినవాడై ఉంటాడు.