మీకు తెలుసా? హసన్‌పర్తి పేరులో కనిపించని గుర్తు

వరంగల్ ప్రాంతంలోని హసన్‌పర్తి పేరును పైథాన్‌ ప్రోగ్రామింగ్ భాషలో నేరుగా ప్రింట్ చేస్తే మామూలుగానే కనిపిస్తుంది. అదే పేరును ఒక లిస్టులో పెట్టి, ఆ లిస్టును టెక్స్టుగా మారిస్తే మాత్రం ‘న్’ తర్వాత 200సి అనే సంకేతం బయటపడుతుంది. ‘న్’ కింద ‘ప’ వత్తుగా చేరకుండా ఆపే యూనికోడ్ గుర్తు అది. అది బయటపడేది ఇందుకే: లిస్టు తన లోపలి అంశాలకు పాఠకుల రూపమైన ఎస్‌టీఆర్‌ను కాక, ప్రోగ్రామర్ల రూపమైన ఆర్‌ఈపీఆర్‌ను వాడుకుంటుంది.

ఒకే వస్తువుకు రెండు రూపాలెందుకు, గందరగోళం కాదా అనవచ్చు. కానీ పేరు చివర అదే గుర్తు పొరపాటున చేరితే కంటికి తేడా తెలియదు. కంప్యూటర్‌కు మాత్రం పొడవు 10 నుంచి 11కు పెరిగి, అది వేరే ఊరవుతుంది. మొదటి రూపం ఒక్కటే ఉంటే ఈ తప్పు దొరకడం కష్టం. తెలుగు డేటాలో వెతికిన పేరు దొరకనప్పుడు, ముందు రెండో రూపం చూడండి.