ఆకాశంలో కరెంటు పోకుండా ఎలా?

పలాస: 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు కూలి పలాస, టెక్కలి ప్రాంతాల్లో అనేక గ్రామాలు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. ఆ తుపానును 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుండి కనిపెట్టిన ఉపగ్రహాలలో ఇన్సాట్-3డిఆర్ ఒకటి. మరి దానికి కరెంటు ఎక్కడిది?

2016 సెప్టెంబరు 8న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఈ ఉపగ్రహానికి సోలార్ పలకలే ఆధారం. అంత ఎత్తున మబ్బు లేదు, వాన లేదు. అయినా చీకటి మాత్రం తప్పదు. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజులకు అటూ ఇటూ, విడతకు సుమారు 45 రోజులు, ఇటువంటి ఉపగ్రహాలు అర్ధరాత్రి వేళ భూమి నీడలో పడతాయి. ఆ నీడ ఒక్కోసారి 72 నిమిషాల వరకు ఉంటుంది. అంతసేపూ బ్యాటరీయే దిక్కు. తిత్లీ వచ్చినది అటువంటి రోజుల్లోనే.

చెడితే పైకెక్కి బాగుచేయడానికి అక్కడ లైన్‌మన్ లేడు. అందుచేత ఇంజనీర్లు అన్నిటికంటే పొడవైన నీడను చూసి బ్యాటరీని నిర్ణయిస్తారు. అందులోని శక్తినంతా వాడనివ్వరు, కొంత మిగులుస్తారు. నీడ దాటగానే పలకలు ఉపగ్రహాన్ని నడుపుతూనే బ్యాటరీని తిరిగి నింపాలి. రేడియేషన్ వల్ల పలకలు ఏటేటా బలహీనపడతాయి కనుక, చివరి ఏడాదికి కూడా చాలేటట్లు మొదటే పెద్దవిగా అమరుస్తారు. ఒక సెల్ చెడినా మిగతావి పనిచేసే ఏర్పాటు కూడా ఉంటుంది.

లెక్కకు మించిన చీకటి వస్తే ఏమవుతుందో మంగళయాన్ చూపించింది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆ నౌక 2014 సెప్టెంబరు 24న కుజుని కక్ష్య చేరింది. ఆరు నెలల కోసం తయారు చేసినది దాదాపు ఎనిమిదేళ్లు పనిచేసింది. దాని బ్యాటరీ గంటా 40 నిమిషాల నీడను తట్టుకునేది. 2022 ఏప్రిల్‌లో ఏడు గంటలు దాటిన గ్రహణం పట్టింది. అప్పటికి ఇంధనం కూడా అయిపోయి ఉంటుందని ఇస్రో భావించింది. ఆ తరువాత నౌక నుండి సంకేతాలు రాలేదు.

తుపాను రాత్రుల కోసం సోలార్ దీపం కొనే ఉద్దానం రైతుకూ, మత్స్యకారునికీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఎండ ఎంత కాస్తుందని కాక, మబ్బు ఎన్నాళ్లు పట్టి ఉంటుందని చూసి బ్యాటరీ ఎంచుకోవాలి.