130వ పిక్కు

సిరిసిల్లలో పిక్కు అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సాంచె (మరమగ్గం) మీద నాడె ఇటు నుంచి అటు ఒక్కసారి దూకితే పడుగులో ఒక పేకపోగు పడుతుంది. అదే పిక్కు. పది పిక్కులకు ఇన్ని పైసలని కూలి కడతారు, ఆ పైసల మీదనే ఇళ్లు నడుస్తాయి. అందుకే డాలస్ నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేసి, "మామా, ఈడ ఫుట్‌బాల్‌ల గూడ పిక్కులుంటయ్, మనోడొకడు 130వ పిక్కు" అంటే చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఎవల్రా వాడు?"

"చిల్లర్."

"చిల్లరనా?"

"చిల్లరే మామా. గానీ చిల్లర పైసల చిల్లర గాదు."

బ్రాండన్ చిల్లర్. పుట్టింది 1982 అక్టోబర్ 21న, పెరిగింది కాలిఫోర్నియాలో. తండ్రి వైపు భారతీయ మూలాలు. తెలుగువాడేమీ కాదు. ఆ ఇంటిపేరు హర్యానా, ఢిల్లీ పల్లెల్లోని జాట్లలో ఎక్కువగా వినిపిస్తుంది. ప్రో కబడ్డీ చూసేవాళ్లకు ఇంకో చిల్లర్ తెలుసు: మంజీత్ చిల్లర్. ట్యాకిళ్లతోనే 390కి పైగా పాయింట్లు కూడబెట్టిన మనిషి. ఒక చిల్లర్ మ్యాట్ మీద కాళ్లు పట్టాడు, ఇంకో చిల్లర్ గడ్డి మీద నడుములు పట్టాడు. ఇద్దరి పనీ ఒకటే, వచ్చినవాణ్ణి ముందుకు పోనియ్యకపోవడం.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో లెక్క మీటర్లలో ఉండదు, గజాల్లో ఉంటుంది. మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఆరు గజాల చీర అంటారు కాబట్టి అర్థం చేసుకోవడం మనకే తేలిక. మైదానం పొడవు 100 గజాలు. పదహారు చీరలు కొసకు కొస పరిచి, పదిహేడోది మూడింట రెండు వంతులు విప్పితే అంత. వెడల్పు తొమ్మిది చీరలకు కొంచెం తక్కువ. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేదంటే బంతి ఎదుటివాళ్లది. మా వీధిలో మడత పెట్టే షెడ్డు ఒకటుంది. అక్కడి ముసలాయనను అడిగి నేల మీద పది గజాలు కొలిపించాను. రెండో చీర సగం దాటాక ఆగిపోయింది. "ఇంత దానికి నలుగురు మీద పడుడేంది?" అన్నాడాయన. కబడ్డీ కోర్టు వెడల్పు కన్నా అది తక్కువే. ఆ కాస్త జాగా కోసమే అమెరికాలో కోట్ల డాలర్లు చేతులు మారతాయి.

ఆట గడియారం 60 నిమిషాలు చూపిస్తుంది. అందులో బంతి నిజంగా కదిలేది 11 నిమిషాలేనని 2010లో ఒక అమెరికన్ పత్రిక కొలిచి చెప్పింది. ఒక్కో ఎత్తు నాలుగైదు సెకన్లలో ముగుస్తుంది. కబడ్డీ రెయిడుకు 30 సెకన్లుంటాయి, ఇక్కడ అందులో ఆరో వంతు దాటదు. ఆ క్షణంలోనే డిఫెన్స్‌లోని 11 మందీ ఎవరి పని వారు తేల్చుకోవాలి. బంతితో పరుగెత్తుతాడా, విసురుతాడా, విసిరినట్టు నటిస్తాడా?

ముందు వరుసలో నలుగురు బండల్లాంటి వాళ్లు, వాళ్ల వెనక ముగ్గురు, ఆ వెనక బంతి విసిరితే అడ్డుకునే నలుగురు. దీన్ని 4-3 అంటారు. ముందు ముగ్గురిని పెట్టి నడుమ నలుగురిని నిలిపితే 3-4. నడుమ నిలబడే వాళ్లే లైన్‌బ్యాకర్లు, చిల్లర్ వాళ్లలో ఒకడు. ఆరడుగుల మూడంగుళాల ఎత్తు, 105 కిలోలు దాటిన బరువు. కబడ్డీ భాషలో కార్నరూ కాదు కవరూ కాదు, రెండు పనులూ చేయాల్సినవాడు. పరుగెత్తేవాడు ముందు వరుసను చీల్చుకొస్తే పట్టాలి. బంతి విసిరితే వెనక్కి మళ్లి, తనకన్నా చురుకైనవాడి వెంట పరుగెత్తాలి. ముందుకు కాలేసిన వాణ్ణి వెనక్కి లాగడమే అటాక్ చేసే జట్టు చేసే సగం మోసం.

మరి అక్కడి దాకా ఎట్లా చేరతారు? హైస్కూళ్లలో ఏటా పది లక్షల మందికి పైగా పిల్లలు ఈ ఆట ఆడతారు. కాలేజీకి వచ్చేసరికి 73 వేల దాకా మిగులుతారు. వాళ్లలో ఏటా సుమారు 16 వేల మంది ప్రొఫెషనల్ ఎంపికకు అర్హులైతే, జట్లు పేరు పిలిచి తీసుకునేది 250 పైచిలుకు మందినే. కాలేజీ క్రీడల సంఘం తన లెక్కలో దీన్ని 1.6 శాతమని రాసుకుంటుంది, అంటే వెయ్యికి పదహారు. మన దగ్గర గ్రూప్స్ పరీక్షలు రాసినవాళ్లకు ఈ నిష్పత్తి కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే. అక్కడ ఇరవై మూడో ఏట ఫలితం వస్తుంది, మళ్లీ రాద్దామంటే అవకాశం ఉండదు.

చిల్లర్ లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరఫున, అందరూ యూసీఎల్ఏ అనే జట్టుకు, 2000 నుంచి 2003 దాకా నాలుగేళ్లు ఆడాడు. ఆ నాలుగేళ్లలో జట్టు గొప్పగా వెలిగిందేమీ లేదు. చివరి ఏడాది గెలిచినవి 6, ఓడినవి 7. అయినా అక్కడి సొంత మ్యాచ్‌లు జరిగేది పాసడీనాలోని రోజ్ బౌల్‌లో. తొంభై వేల మంది పట్టే ఆ స్టేడియంలో ఇరవై ఏళ్ల కుర్రాడు సెలవు రోజున డిగ్రీ క్లాసుమేట్ల ముందు ఆడతాడు. అప్పట్లో కాలేజీ ఆటగాడికి జీతం లేదు, చదువు ఖర్చు మాత్రం కాలేజీ భరించేది.

ఇక పిక్కు సంగతి. ప్రొఫెషనల్ లీగ్‌లోని 32 జట్లు ఏటా వసంతంలో కూర్చుని, నిరుడు అందరికన్నా ఘోరంగా ఓడిన జట్టుతో మొదలుపెట్టి వరసగా ఒక్కొక్కరి పేరు చెబుతాయి. ఏడు రౌండ్లు. 2004లో మొత్తం 255 పిక్కులు పడ్డాయి. మొదటిది బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఈలై మానింగ్. డిఫెన్స్ ఆటగాళ్లలో మొదట పిలుపు అందుకున్నవాడు షాన్ టేలర్, ఐదో పిక్కు. చిల్లర్ నాలుగో రౌండ్‌లో 130వ వాడు. సెయింట్ లూయిస్ రామ్స్ తీసుకుంది. దాదాపు నడిమధ్య! మొదటి రౌండ్ వాళ్ల మీద టీవీల కళ్లుంటాయి, చివరి రౌండ్ వాళ్ల మీద జాలి కథలు రాస్తారు. నాలుగో రౌండ్ వాడి మీద ఎవరూ ఏమీ రాయరు. నాకు చిల్లర్ మీద మనసు పడింది అందుకే.

రామ్స్‌లో 2004 నుంచి 2007 దాకా నాలుగు సీజన్లు. అప్పట్లో సీజన్‌కు 16 మ్యాచ్‌లు. జట్టు లెక్క వరసగా: 8 గెలుపులు, 6, 8, చివరికి 3. అంటే 2007లో 16 ఆడి 13 ఓడిపోయారు. ఓడే జట్టులో డిఫెన్స్ ఆటగాడి అంకెలు చూసి మోసపోవద్దు. ఎదుటి జట్టు ఎంతసేపు బంతి పట్టుకు తిరిగితే ఇతనికి అన్ని ట్యాకిళ్లు రాస్తారు. సాంచె చెడిపోయి పోగులు తెగుతుంటే అతికేవాడికి చేతినిండా పని దొరికినట్టు.

అసలు ఆ లెక్కే నమ్మకమైనది కాదు. ట్యాకిల్ అంటే బంతి ఉన్నవాణ్ణి నేల కరిపించడం. ఒక్కడే పడేస్తే సోలో, ఇద్దరు ముగ్గురు కలిసి పడేస్తే అసిస్ట్. కుప్పగా పడ్డ ఐదుగురిలో ఎవరు ముందు పట్టారన్నది పైన గదిలో కూర్చున్న లెక్కలవాళ్ల కంటిచూపు. జట్లు తర్వాత వీడియో చూసుకుని వేరే అంకె రాసుకునేవి. కబడ్డీలో ఆ గొడవ లేదు, ఎంతమంది మీద పడ్డా పాయింటు సాధారణంగా ఒక్కడి ఖాతాకే పోతుంది.

కాస్త గట్టి లెక్క శాక్‌ది. బంతి విసరబోయే క్వార్టర్‌బ్యాక్‌ను, విసరకముందే ఎత్తు మొదలైన గీత వెనకాల పడేయడం అన్నమాట. ఇద్దరు కలిసి పడేస్తే చెరి సగం. అందుకే 2001లో మైకెల్ స్ట్రాహాన్ అనే ఆటగాడి అంకె 22.5 అయింది. శాక్‌ను అధికారికంగా లెక్కపెట్టడం మొదలైంది 1982లో, చిల్లర్ పుట్టిన ఏడాదే. అంతకుముందు ఆడినవాళ్ల సంగతి? శాక్ అన్న మాటను వాడుకలోకి తెచ్చిన డీకన్ జోన్స్ రామ్స్ ఆటగాడే. 1961లో 14వ రౌండ్‌లో 186వ పిక్కుగా వచ్చి, 14 సీజన్లు ఆడి, 1974లో మానేశాడు. అధికారిక పుస్తకంలో ఆయన శాకులు సున్నా. పాత రీళ్లు తిరగేసిన ఔత్సాహికులు తర్వాత కూడి 173.5 అని తేల్చారు. ఆ మాట నలుగురి నోటా పలికించినవాడి ఖాతాలోనే ఆ అంకె లేదు.

2008లో చిల్లర్ గ్రీన్ బే ప్యాకర్స్‌కు మారాడు. మొదటి ఏడాది 6 గెలుపులే. 2009లో డామ్ కేపర్స్ అనే డిఫెన్స్ కోచ్ వచ్చి 4-3ని 3-4గా మార్చాడు. నడుమ నిలబడేవాళ్లు ఒకరు పెరిగారు. ఎదుటివాళ్లు బంతి విసురుతారనుకున్న చోట, వెనక్కి పరుగెత్తగల లైన్‌బ్యాకర్‌గా చిల్లర్ విలువ తెలిసింది. ఆ సీజన్‌లో పరుగు మీద ప్యాకర్స్ ఎదుటివాళ్లకు ఇచ్చింది మ్యాచ్‌కు సగటున 83.3 గజాలు, లీగ్ మొత్తంలో అందరికన్నా తక్కువ. పద్నాలుగు చీరలంత కూడా కాదు. జట్టు 11 గెలిచింది.

అంత డిఫెన్స్ ఉన్న జట్టు నాకౌట్ మ్యాచ్‌లో ఎన్ని పాయింట్లు ఇచ్చుకుందో తెలుసా? 51. ఇది 2010 జనవరి మాట. ఎదుట అరిజోనా కార్డినల్స్ క్వార్టర్‌బ్యాక్ కర్ట్ వార్నర్. 33 సార్లు విసిరితే 29 సార్లు చేరాల్సిన చేతికి చేరింది, అందులో ఐదు టచ్‌డౌన్లు, అంటే బంతి కొస గీత దాటినవి. పరుగును అడ్డుకోవడంలో మొదటి స్థానం ఉన్నా గాలిలో పోయే బంతికి ఆ అంకె అక్కరకు రాలేదు. 60 నిమిషాలకు 45-45. అదనపు సమయంలో కార్డినల్స్ లైన్‌బ్యాకర్ కార్లోస్ డాన్స్‌బీ, ప్యాకర్స్ చేజారిన బంతిని పట్టుకుని 17 గజాలు పరుగెత్తాడు. టచ్‌డౌన్‌కు 6. 51-45. 96 పాయింట్ల మ్యాచ్‌ను తేల్చింది ఒక డిఫెన్స్ ఆటగాడు, అదీ చిల్లర్ ఆడే స్థానంవాడే.

ఆ సీజన్ చివర్లోనే ప్యాకర్స్ అతనితో ఇంకో నాలుగేళ్లకు ఒప్పందం పొడిగించింది, రెండు కోట్ల డాలర్లకు పైమాటే. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పేపర్లో పడే మొత్తం వేరు, జేబులో పడేది వేరు. హామీ ఇచ్చిన భాగం తప్ప మిగతాదాన్ని, ఆటగాణ్ణి తీసేసిన రోజున జట్టు ఎగ్గొట్టవచ్చు. చట్టబద్ధంగానే. సాంచెలు నడిపే ఆసామికి, పని ఇచ్చే సేఠ్ ఇస్తానన్న ఆర్డరుకూ, చేతికొచ్చిన నూలు బీములకూ ఉండే తేడా ఇక్కడివాళ్లకు కొత్త కాదు.

2010 సీజన్‌లో భుజం చెడింది. నవంబర్‌కల్లా అతణ్ణి గాయపడినవాళ్ల జాబితాలో వేశారు, అప్పట్లో ఆ జాబితాలో చేరితే ఆ ఏడాదికి ఆట లేనట్టే. ప్యాకర్స్‌లో ఆ ఏడు అట్లా పక్కకు తప్పుకున్నవాళ్లు పదిహేను మంది. ఆడుతున్న జట్టే 53 మంది, అంటే ప్రతి నలుగురికీ ఒకడు మంచం మీద ఉన్న లెక్క. అయినా జట్టు సూపర్ బౌల్ అనే ఫైనల్‌కు చేరింది. టెక్సస్‌లో, మా అల్లుడుండే డాలస్ పక్కనే ఆర్లింగ్టన్‌లో, 2011 ఫిబ్రవరి 6న ఆ మ్యాచ్ జరిగింది. జనం 1,03,219 మంది. ప్యాకర్స్ 31, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ 25.

ఆ వారంలో జరిగిన ఒక చిన్న పేచీ నాకు స్కోరుకన్నా ఎక్కువ గుర్తుంటుంది. జట్టు ఫోటో మంగళవారం తీయాలనుకున్నారు. గాయపడినవాళ్లకు ప్రయాణం గురువారానికి పెట్టారు. అంటే ఫోటోలో వాళ్లుండరు. నిక్ బార్నెట్, జెర్మైకల్ ఫిన్లీ అనే ఇద్దరు ఆ మాట బయటపెట్టి అలిగారు. పెళ్లిలో ఫోటోకు పిలవలేదని అలిగే మేనమామలను చూసినవాళ్లకు ఆ బాధ తెలుస్తుంది. చివరికి ఫోటోను శుక్రవారానికి జరిపారు. జూన్‌లో గెలిచిన జట్టుకిచ్చే ఉంగరాల పండుగ చేశారు. జూలై నెలాఖరులో బార్నెట్‌నూ చిల్లర్‌నూ జట్టు నుంచి తీసేశారు. నాలుగేళ్ల ఒప్పందంలో రెండేళ్లయినా నిండలేదు.

మొత్తం ఏడు సీజన్లు. తక్కువా ఎక్కువా అంటే, ఆ లీగ్‌లో సగటు జీవితం 3.3 ఏళ్లని ఆటగాళ్ల సంఘం చెబుతుంది. దానికి రెండింతలు పైనే. శాకుల్లో అందరికన్నా పెద్ద అంకె బ్రూస్ స్మిత్‌ది: 19 సీజన్లలో 200. కానీ ఆయన 1985లో మొట్టమొదటి పిక్కు. 130వ వాడిని ఆయనతో పోల్చడం న్యాయం కాదు.

జట్టు వదిలేసిన మరుసటి నెలే, 2011 ఆగస్టులో, చిల్లర్ పేరు మన దేశ వార్తల్లోకి వచ్చింది. ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఎనిమిది జట్లతో ఒక లీగ్ ప్రకటించారు. పెట్టుబడి పెట్టినవాళ్లలో చిల్లర్ ఒకడు. ఇంకొకడు, అంతకు ఏడాదిన్నర ముందు అతని జట్టు మీద ఐదు టచ్‌డౌన్లు విసిరిన కర్ట్ వార్నరే. ఎనిమిదింటిలో ఒకటి హైదరాబాద్ స్కైకింగ్స్. మొదటి సీజన్ ఫైనల్‌లో పుణె మరాఠాస్, ఢిల్లీ డిఫెండర్స్ తలపడ్డాయి. స్కోరు 6-0.

నేను ఆ అంకె చెబితే అల్లుడు ఫోన్లో నవ్వాడు. "ఒక్క టచ్‌డౌన్ మామా, దాని మీద కొట్టే కిక్కు గూడ పోయిందన్నట్టు." నాకైతే నవ్వు రాలేదు. కొత్తగా ఆట నేర్చిన కుర్రాళ్లు, మ్యాచ్ మొత్తంలో ఆ ఒక్కటి తప్ప ఇంకేమీ పోనియ్యలేదు. ఆ మ్యాచ్‌లో ట్యాకిళ్లు ఎన్నని అడిగాను.

"గది ఎవలు లెక్కవెట్టిన్రు మామా?" అన్నాడు.